పెద్ద ఇంజను ఇచ్చే ముందు పడవను తట్టి చూడండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి, నమస్కారం.

నేను భీమిలి తీరంలో ఫైబర్ పడవలకు మరమ్మతులు చేసి బతుకుతున్నాను. ఈ మధ్య పడవ బాగు చేయించుకోవడానికి వచ్చే ప్రతివారూ పాత ఇంజను చాలడం లేదని, పెద్దది కావాలని అంటున్నారు. అది న్యాయమైన కోరిక. వేటకు ఇదివరకటి కంటే దూరం పోవాలి. వాయుగుండం హెచ్చరిక అందగానే ఒడ్డు చేరాలి. మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, కెరటాలు విరిగేటప్పుడు ఇంజను బలమే ప్రాణాలు కాపాడాలి. 9.9 హార్స్‌పవర్ ఇంజను తీసేసి 25 పెట్టుకోవాలనుకునే మత్స్యకారుణ్ని తప్పుపట్టే హక్కు ఒడ్డున కూర్చున్న ఎవరికీ లేదు. అయితే ఆ కొత్త ఇంజనును మోయాల్సింది పదేళ్లో పదిహేనేళ్లో ఉప్పునీటిలో నానిన పడవ. రాయితీ మీద ఇంజను ఇచ్చేటప్పుడు దాని సంగతి అడిగేవారే లేరు.

ఇంజను తగిలించే వెనుక పలక బయటికి ఫైబరే కానీ, చాలా పాత పడవల్లో లోపల ఉండేది ప్లైవుడ్. బోల్టుల రంధ్రాల గుండా ఏళ్ల తరబడి నీరు దిగి ఆ చెక్క కుళ్లిపోతుంది. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది. చెక్క సుత్తితో తట్టుకుంటూ పోతే గట్టిగా ఉన్న చోట ఠక్కుమంటుంది, కుళ్లిన చోట దబ్బుమంటుంది. బోల్టు విప్పితే గోధుమరంగు నీరు కారుతుంది. చిన్న బెజ్జం వేస్తే పొడి రజనుకు బదులు డ్రిల్లు మొనకు నల్లటి తడి పిప్పి అంటుకుని వస్తుంది. పాత రెండు స్ట్రోకుల 9.9 ఇంజను బరువు 40 కిలోల లోపే. నాలుగు స్ట్రోకుల 25 హార్స్‌పవర్ ఇంజను 60 కిలోల దగ్గర మొదలై, రకాన్ని బట్టి 70 దాకా ఉంటుంది. బరువొక్కటే కాదు, కింద నీటిలో తిరిగే రెక్కల ఫ్యాను పడవను ముందుకు తోస్తున్నంతసేపూ పైన బోల్టులు పలకను వెనక్కి పీకుతూనే ఉంటాయి. కుళ్లిన పలక ఆ పీకుడును ఎంతకాలం తట్టుకుంటుంది? విరిగితే నడిసముద్రంలోనే విరుగుతుంది, ఇంజనుతో సహా.

రెండో సంగతి కాడ పొడవు, అంటే ఇంజను తల నుంచి ఫ్యాను దాకా కిందికి దిగే భాగం పొడవు. ఈ ఇంజన్లలో 15 అంగుళాల ఎత్తు పలకకు సరిపోయేవి, 20 అంగుళాల ఎత్తు పలకకు సరిపోయేవి వేర్వేరుగా ఉంటాయి. ఫ్యానుకు పైన ఉండే అడ్డరేకు పడవ అడుగుకు సమంగానో, ఒక అంగుళం కిందికో రావాలి. ఎత్తైన పలకకు పొట్టి కాడ ఇంజను బిగిస్తే, కెరటం మీద పడవ వెనుక భాగం లేచినప్పుడల్లా ఫ్యాను గాలిని లాక్కుంటుంది. ఇంజను గట్టిగా అరుస్తుంది, పడవ మాత్రం కదలదు. మొగలో ఆ రెండు మూడు క్షణాలు పట్టు తప్పితే చాలు, పడవ అడ్డం తిరుగుతుంది. ఆ తరువాత వచ్చే కెరటంతో బోల్తానే. హార్స్‌పవర్ ఎంత ఎక్కువైనా అక్కడ పనికిరాదు.

వేగం గురించి కూడా మనవాళ్లకు ఎవరైనా నిజం చెప్పాలి. వలలు, మంచు, చేపలతో నిండి నీటిని చీల్చుకుంటూ పోయే పడవకు ఒక హద్దు ఉంటుంది. నీటిని తాకే పొడవు 25 అడుగులైతే ఆ హద్దు సుమారు 6.7 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్లు. అది దాటించాలని ఇంకా బలం పెడితే వెనుక భాగం నీటిలోకి కుంగుతుంది, పెట్రోలు మండిపోతుంది, వేగం మాత్రం కాస్తే పెరుగుతుంది. పూర్తి వేగంలో 10 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజను గంటకు దాదాపు 4 లీటర్లు తాగితే, 25 హార్స్‌పవర్‌ది 9 లీటర్లు దాటుతుంది. ఆ ఖర్చును ఏ వల తిరిగి ఇస్తుంది? చాలా పడవలకు 15 హార్స్‌పవర్‌తోపాటు బరువుకు తగిన ఫ్యాను ఇస్తే సరిపోతుంది. ఫ్యాను పిచ్, అంటే ఒక చుట్టుకు అది ముందుకు పోవాల్సిన దూరం, ఒక అంగుళం తగ్గిస్తే ఇంజను నిమిషానికి 150 నుంచి 200 చుట్లు ఎక్కువ తిరుగుతుంది. నిండు బరువుతో కెరటాన్ని ఎక్కేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

మంత్రి గారూ, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో ఇంజను పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. తనిఖీకి అంతకన్నా అనువైన కాలం దొరకదు. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, విశాఖలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన కేంద్రం తలచుకుంటే ఊరికి ఇద్దరు యువకులకు సుత్తి, కొలబద్ద చేతికిచ్చి ఈ పని నేర్పగలవు. అమెరికాలో వెనుక పలకకు ఇంజను తగిలించే 20 అడుగుల లోపు విహార పడవల్లో చాలావాటికి గరిష్ఠ హార్స్‌పవర్ రాసిన రేకు తప్పనిసరి. మన పడవలకూ తనిఖీ చేసి అలాంటి రేకు బిగించాలి. ఆ రేకు మీది అంకెను బట్టే ఇంజను రాయితీ ఇవ్వాలి.

పలక మార్పించే ఖర్చును కూడా అదే రాయితీలో కలపండి. మంచి చెక్క, రెజిన్, ఫైబర్ మ్యాట్, కూలీ కలిపినా కొత్త ఇంజను ధరలో అది చిన్న భాగమే. కానీ ఇంజనుకు తన వాటా కట్టేసిన మనిషి చేతిలో ఆ డబ్బూ మిగలదు. అందుకే కుళ్లిన పలకకే కొత్త ఇంజను బిగించమని మమ్మల్ని బతిమాలుతారు. మరమ్మతుకు కూడా పనికిరాని పడవ అయితే, ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పాత పడవ బదులు కొత్త పడవకు సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సాయం ఉంది. ఆ దరఖాస్తును తనిఖీ జరిగిన ఒడ్డునే, ఆ రోజే రాయించండి.

వచ్చే నిషేధ కాలం మొదలయ్యేలోగా ఈ ఉత్తర్వు రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
భీమిలి తీరంలోని ఒక ఫైబర్ పడవల పనివాడు