విలేకరే నవలాకారుడు

సంపాదకులకు,

వలస పాలన నాటి పత్రికలు, బాలల సాహస నవలలపై ఒక చరిత్రకారుడి పరిశోధనను పరిచయం చేసిన మీ ఆదివారం వ్యాసం బాగుంది. కానీ పిల్లల సాహస నవలలు రాసిన ఇంగ్లిష్ రచయిత జి.ఎ. హెంటీని ఒక్క వాక్యంలో తేల్చేశారు! 1873-74లో బ్రిటిష్ సేన అశాంటీ రాజ్యం (నేటి ఘనా) మీదికి దండెత్తి రాజధాని కుమాసిని తగలబెట్టినప్పుడు ఆయన లండన్ ‘స్టాండర్డ్’ విలేకరిగా వెంట ఉన్నారు. పదేళ్లకు ఆ యుద్ధాన్నే పిల్లల నవల చేశారు. అందులో అనాథ ఇంగ్లిష్ కుర్రాడు ప్రకృతి శాస్త్రజ్ఞుడి వెంట పక్షులు సేకరించడానికి వెళ్లి అశాంటీలకు బందీ అవుతాడు. పాత వార్తకు కొత్త చొక్కా తొడిగారన్నమాట.

అదే 1874లో, నేటి ఘనా తీరంలోని కేప్ కోస్ట్‌లో జేమ్స్ హటన్ బ్రూ అనే స్థానికుడు ‘గోల్డ్ కోస్ట్ టైమ్స్’ పత్రికను ప్రారంభించారు. వలస కాలపు పత్రికలంటే తెల్లవాళ్లవేనా? అటువైపు పత్రికల మీద కూడా ఒక వ్యాసం వేయండి.

– ఒక పాఠకుడు, గుంటూరు