ఎంఐఆర్ కంటే ముందు ఎల్

సంపాదకులకు,

మీ కంప్యూటర్ పేజీలో బ్యాకప్ కోసం, ఫోల్డర్లను కాపీ చేసే రోబోకాపీ (robocopy) కమాండ్ ఇవ్వడం బాగుంది. విస్టా నుంచీ విండోస్‌లోనే ఉంది, కొనక్కర్లేదు, మారిన ఫైళ్లనే తీసుకెళ్తుంది. అయితే పక్కన స్లాష్ ఎంఐఆర్ (/MIR) పెట్టమని చెప్పి, అదేం చేస్తుందో చెప్పకుండా వదిలేశారు.

ఎంఐఆర్ పెడితే, అసలు ఫోల్డర్‌లో లేని ఫైలు ఏదున్నా అవతలి ఫోల్డర్‌లోంచి చెరిపేస్తుంది. రీసైకిల్ బిన్‌లో వెతికినా దొరకదు. ముందు రాయాల్సింది అసలు ఫోల్డర్, తర్వాత కాపీ చేరాల్సింది. ఈ రెండూ తారుమారైతే ఖాళీ పెన్‌డ్రైవ్‌నే అసలనుకుని డి డ్రైవ్‌లోని లెక్కలన్నీ ఊడ్చేస్తుంది. అందుకే మొదటిసారి చివర్లో స్లాష్ ఎల్ (/L) కూడా చేర్చాలి. అప్పుడు ఏదీ కాపీ కాదు, ఏదీ చెరగదు, జాబితా మాత్రమే వస్తుంది. అందులో 'ఎక్స్‌ట్రా ఫైల్', 'ఎక్స్‌ట్రా డిర్' (ఫోల్డర్) అని ఉన్నవే పోబోయేవి. అవి పోయినా ఫర్వాలేదనుకుంటేనే ఎల్ తీసేసి మళ్లీ నడపాలి. అసలు చెరపడమే వద్దనుకునేవారికి ఎంఐఆర్ బదులు 'స్లాష్ ఈ' (/E) చాలు, సబ్‌ఫోల్డర్లతో సహా కాపీ అవుతాయి.

ఇంకోటి. ఎక్సెల్‌లో తెరిచి ఉన్న ఫైలు తగిలి కాపీ కాకపోతే, రోబోకాపీ 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. అంటే ఒక్క ఫైలు దగ్గరే 11 నెలల పైన! సిస్టమ్ హ్యాంగయిందని జనం కమాండ్ నడిచే నల్ల కిటికీని మూసేసేది ఇక్కడే. ఆర్ కోలన్ 1, డబ్ల్యూ కోలన్ 1 అని స్లాష్‌లతో (/R:1 /W:1) చేర్చితే ఒక సెకను ఆగి, మరొక్కసారి మాత్రమే ప్రయత్నించి ముందుకెళ్తుంది. మారని ఫైళ్లు కూడా పెన్‌డ్రైవ్‌లోకి మళ్లీ మళ్లీ ఎక్కుతుంటే స్లాష్ ఎఫ్ఎఫ్‌టీ (/FFT) పెట్టాలి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్, ఫైలు మారిన సమయాన్ని 2 సెకన్ల లెక్కన రాసుకుంటుంది, తేడా అక్కడే వస్తుంది. దానిలో 4 జీబీ దాటిన ఫైలు ఎలాగూ పట్టదు.

ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటే నల్ల కిటికీలో డబ్బాలు కనిపించవచ్చు, కంగారొద్దు, కాపీ సరిగానే అవుతుంది. ఏమేం జరిగిందో రాసిపెట్టే లాగ్ ఫైలు కావాలంటే మాత్రం, తెలుగు పేర్లు అందులో సరిగా పడేందుకు స్లాష్ లాగ్ బదులు స్లాష్ యూనిలాగ్ (/UNILOG) వాడాలి.

ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే డబుల్ కోట్స్ తప్పనిసరి. మూసే కోట్‌కు ముందు బ్యాక్‌స్లాష్ ఉండకూడదు, ఉంటే రెండు పేర్లూ కలిసిపోయి ఎర్రర్ వస్తుంది. మీ వెబ్ ఎడిషన్‌లో కోట్స్ వంకరగా పడుతున్నాయి. వాటిని కాపీ చేసి అతికిస్తే కమాండ్ పనిచేయదు, దయచేసి నిటారు కోట్స్ వేయించండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ