కూలింగ్ పౌచ్ కొన్నవారికి: విశాఖ ఎండాకాలంలో దాన్ని నమ్ముకోవద్దు

నమస్కారమండీ. మా దగ్గర ఇన్సులిన్ కూలింగ్ పౌచ్, అంటే నీళ్లలో నానబెట్టి ఇన్సులిన్‌ను చల్లగా ఉంచుకునే గుడ్డ సంచి, కొన్నవాళ్లందరికీ ఈ మాట. ఉక్కపోత ఉన్నన్నాళ్లూ విశాఖలో ఆ పౌచ్‌ను నమ్ముకోకండి. అమ్మేటప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు మాదే.

చిక్కంతా గాలిలో తేమతోనే. పౌచ్‌లోని గుళికలు పీల్చుకున్న నీరు గుడ్డలోంచి ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది, మట్టి కూజాలాగే. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే తడిగుడ్డ సుమారు 23 డిగ్రీలకు దిగుతుంది. మన బీచ్ వైపు 34 డిగ్రీలే ఉన్నా, తేమ 75 శాతం ఉంటే 30 దగ్గరే ఆగిపోతుంది. వాడుతున్న ఇన్సులిన్ పెన్నును (ఇన్సులిన్ ఎక్కించుకునే పెన్ను లాంటి సాధనాన్ని) చాలా కంపెనీలు 30 దాటనివ్వొద్దంటాయి, అదీ 28 రోజులే. ఇక మిగులు ఎక్కడుంది? దండెం మీద బట్టలు ఆరని రోజున పౌచ్ కూడా పనిచేయదు. అనంతపురం, కర్నూలు వైపు వాళ్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. కాకపోతే హ్యాండ్‌బ్యాగులో కుక్కకండి, గాలి తగలాలి. బోరు నీళ్లలో నానబెడితే ఉప్పుల వల్ల గుళికలు సరిగ్గా ఉబ్బవు, మంచినీళ్లే వాడండి.

దీన్ని పట్టుకున్నది భీమిలి కస్టమర్ ఒకరు. పెన్ను పక్కనే చిన్న డిజిటల్ థర్మామీటర్ పెట్టి, వారం రోజులు పూటపూటా రాసి పంపారు. ఇలా తామే కొలిచి చూసుకోవడం కొత్త కాదు. అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజినీరుకు చిన్నప్పటి నుంచీ షుగరు. గ్లూకోమీటర్ డాక్టర్లకే అమ్ముతున్న 1969లో, డాక్టరైన భార్య పేరున ఒకటి తెప్పించి తన షుగరు తానే కొలుచుకోవడం మొదలుపెట్టారు. జబ్బుతో రోజూ వేగేవాళ్లకు కనిపించేది పక్కవాళ్లకు కనిపించదు. అందుకే ఇకపై మీ సూచనతో మార్చిన ప్రతి వస్తువు మీద పీసుకు 10 రూపాయలు ఆ సూచన ఇచ్చినవారికే. వేళ్లు తిమ్మిరెక్కేవాళ్లు జిప్ లాగడానికి అడిగిన పెద్ద రింగుతోనే ఇది మొదలు.

పౌచ్ తెస్తే, పైసా తీసుకోకుండా ఫ్లాస్క్ కిట్ ఇస్తాం. పెన్ను నిలువుగా పట్టే వెడల్పు మూతి స్టీల్ ఫ్లాస్క్, నాలుగు జెల్ ప్యాకెట్లు, పెన్నుకు తొడిగే నూలు తొడుగు ఉంటాయి. ప్యాకెట్లను రాత్రంతా ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్, కరిగాక మామూలుగానే కనిపించినా పారేయాల్సిందే. పొద్దున తొడుగేసిన పెన్ను చుట్టూ ప్యాకెట్లు నిలబెట్టి మూత బిగించండి. పరవాడ ఫ్యాక్టరీల షిఫ్టుకు బస్సెక్కేవాళ్లు మాటిమాటికీ మూత తీయకండి, తీసినప్పుడల్లా చల్లదనం పోతుంది.

ఎండలో ఉండిపోయిన ఇన్సులిన్ చూపుకి బాగానే ఉంటుంది, పని మాత్రం తగ్గుతుంది. డోసు మారకుండానే షుగరు పెరుగుతుంటే, డోసు పెంచే ముందు కొత్త పెన్ను వాడి చూడండి, మీ డాక్టరుకూ చెప్పండి.

పాత పౌచ్‌ను బాగా ఆరబెట్టి తెండి. తడిది కవర్లో మూటగడితే బూజు పడుతుంది.