శారదకు, ఘన సమీకరణాల గురించి

చిరంజీవి శారదకు నాన్న దీవించి వ్రాయునది.

ఇక్కడ అందరం కులాసా. నీ ఫోను వచ్చి 19 రోజులైంది. ఈ లెక్క నాది కాదు, మీ అమ్మది. మొన్న వెంకట్రావు బాబాయి వచ్చి, నీ పరిశోధన ఫలితమేదో వేరొకరి పేరుతో అచ్చయిందట, నిజమేనా అని అడిగి కాఫీ తాగి వెళ్ళాడు. రేవతి పెళ్ళప్పుడే ఆయన మాటల సంగతి చూశాం కనుక, దాని గురించి నేను అడగదలచుకోలేదు. తీరిక దొరికి ఘన సమీకరణాల, అంటే తెలియని సంఖ్య ఘనం వచ్చే సమీకరణాల, చరిత్ర మళ్ళీ చదువుతున్నాను, అదే వ్రాస్తాను.

ఇటలీలోని బొలోన్యాలో గణితం బోధించిన దెల్ ఫెర్రో, వర్గపదం లేని ఘన సమీకరణాన్ని సాధించి కూడా, 1526లో కన్నుమూసేదాకా దానిని అచ్చు వేయలేదు. ఆ కాలపు పండితులు బహిరంగంగా లెక్కల పందేలకు దిగేవారు, కొలువులు ఆ గెలుపోటముల మీద ఆధారపడేవి, కనుక తెలిసినది దాచుకోవడమే బలం. ఆయన చెప్పి పోయిన ఆ ఒక్క కిటుకును నమ్ముకుని శిష్యుడు ఫియోరె 1535లో తార్తాల్యా అనే మరో గణిత పండితుడితో పందేనికి దిగి, 30 లెక్కలూ ఒకే రకానివి ఇచ్చాడు. ఆ ఫిబ్రవరిలో, గడువు ముంచుకొస్తుండగా, తార్తాల్యాకు దారి తట్టింది.

తార్తాల్యా అంటే నత్తివాడని అర్థం. 1512లో ఫ్రెంచి సైన్యం బ్రేషియా మీద పడినప్పుడు ఆ పిల్లవాడి దవడ తెగితే, వైద్యుడిని పిలిచే స్తోమత లేక తల్లే బతికించుకుంది. ఈ ముక్క మీ అమ్మకు చదివి వినిపించడం నా పొరపాటు. అప్పటినుంచి నువ్వు వేళకు తింటున్నావో లేదోనని ఒకటే గొడవ.

మిలాన్ వైద్యుడు కార్దానో బతిమాలి, ఎవరికీ చెప్పనని ప్రమాణం చేసి, 1539లో ఆ పద్ధతిని పద్యరూపంలో రాబట్టాడు. ఒక సంఖ్య ఘనానికి ఆ సంఖ్యకే ఆరు రెట్లు కలిపితే 20 రావాలనుకో: భేదం 20, లబ్ధం 8 అయ్యే రెండు సంఖ్యలు పట్టుకుని, వాటి ఘనమూలాల భేదం తీస్తే 2 వస్తుంది. ఇంత చక్కని పనిని తార్తాల్యా ఏళ్ళ తరబడి అచ్చు వేయలేదు. 1543లో కార్దానో బొలోన్యా వెళ్ళి, దెల్ ఫెర్రో అల్లుడి దగ్గరున్న పాత వ్రాతలో అదే పద్ధతి చూసి, ఇక ప్రమాణం తనను కట్టివేయదనుకుని 1545లో ప్రచురించాడు. ఇద్దరి పేర్లూ చెప్పాడు, కాదనను, అయినా ఆ సూత్రాన్ని లోకం నేటికీ కార్దానో పేరుతోనే పిలుస్తుంది. తార్తాల్యా కోపం న్యాయమే గానీ, ఆ జాప్యం మాత్రం ఆయనదే. కాబట్టి చేసినది చేసినట్టు తేదీ వేసి వ్రాసి పెట్టుకోవాలి, చూపించేటప్పుడు సాక్ష్యం ఉంచుకోవాలి, మనసులో పెట్టుకుని కుమిలిపోకూడదు. తార్తాల్యాను గురించే అంటున్నాను.

1548లో ఆయన మిలాన్‌లో కార్దానో శిష్యుడు ఫెరారితో వాదానికి దిగి, మధ్యలోనే వెళ్ళిపోయాడు. అలా వెళ్ళిపోయి ఉండకూడదు.

ఒక సందేహం మిగిలింది. ఒక సంఖ్య ఘనం, దాని 15 రెట్లకు 4 కలిపినదానితో సమానమైతే జవాబు 4 అని కంటికే కనిపిస్తుంది, సూత్రం మాత్రం −121కి వర్గమూలం అడుగుతుంది, ఋణ సంఖ్యకు మామూలు వర్గమూలం ఉండదు కదా. 1572లో ఇటలీ గణితజ్ఞుడు బొంబెల్లి దీనిని ఎలా దాటాడో ఒకచోట నాకు పట్టుబడలేదు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడికి ఇది తెలియదా అని నవ్వకు. ఆదివారం ఫోను చేసి చెప్పు. అమ్మ కూడా పక్కనే ఉంటుంది. గోంగూర పచ్చడి పార్సిలు అందిందో లేదో కూడా చెప్పు.

నాన్న