కొత్త ఫ్లేంజ్‌కి బిల్లు వేశారు, పాతదే బిగించారు: గేర్ బాక్స్ లీకేజీపై ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీరు రీబిల్డ్ చేసి పంపిన 1968 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 కారు గేర్ బాక్స్ నుంచి ఆయిల్ కారడం, దానివల్ల క్లచ్ ప్లేటు పాడవడం.

పాలకొల్లు నుంచి రాస్తున్నాను. ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తడం, నేను మళ్ళీ మొదట్నుంచి చెప్పుకు రావడం అవుతోంది కాబట్టి ఈసారి అంతా కాగితం మీద పెడుతున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

ఈ గేర్ బాక్స్ మీకు పంపినప్పుడు దానికి రెండు జబ్బులున్నాయి. టాప్ గేర్‌లో తప్ప మిగతా గేర్లన్నిట్లో మోత వచ్చేది, వెనక సీలు (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) దగ్గర ఆయిల్ చెమర్చేది. మీరు మొత్తం విప్పి బేరింగులు, సీళ్ళు, గాస్కెట్లు మార్చామని, వెనక ఫ్లేంజ్ (ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని గేర్ బాక్స్‌కి కలిపే ముక్క) కూడా కొత్తది వేశామని రాసి బిల్లు పంపారు. నేను బేరం ఆడకుండా మొత్తం కట్టేశాను. మోత పోయింది, బేరింగుల పని బాగా చేశారు, ఆ మాట కాదనను. కానీ ఇదివరకు ఒక చోట చెమర్చిన ఆయిల్ ఇప్పుడు రెండు చోట్ల కారుతోంది.

మీ వాళ్ళు మొదట ఆయిల్ ఎక్కువ పోసి ఉంటారన్నారు. బండిని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, పక్కనున్న లెవెల్ ప్లగ్గు తీసి, కన్నం అంచుకి వచ్చేదాకానే పోశాం, పైగా మీరు రాసిచ్చిన జీఎల్-4 రకం గేర్ ఆయిలే పోశాం. తర్వాత ఇంజిన్ ఆయిలే కిందికి దిగి అలా కనబడుతోంది అన్నారు. ఆ మాట తేల్చుకోడానికి బండి కింద రాత్రంతా తెల్ల అట్ట పరిచాం. ఇంజిన్ ఆయిల్ అయితే నల్లగా పడాలి. అట్ట మీద పడ్డవి పల్చటి తేనె రంగు చుక్కలు, ముక్కు దగ్గర పెట్టుకుంటే గేర్ ఆయిల్‌కుండే ఆ గంధకం ఘాటు. అక్కడితో ఆగకుండా గేర్ బాక్స్ అంతా కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, టాల్కమ్ పౌడర్ చల్లి, చించినాడ వంతెన దాకా నడిపి తీసుకొచ్చి చూశాం. పౌడర్ రెండే చోట్ల తడిసింది, ఒకటి వెనక ఫ్లేంజ్ చుట్టూ, రెండోది ముందు బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉంచే డొప్ప) అడుగున. ఫోటోలు ఈ లేఖతో పంపుతున్నాను, తడి ఎక్కడ మొదలైందో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ ఫోటోలు వాట్సాప్‌లో పంపితే మీ టెక్నీషియన్ చెప్పిన జవాబు "బోల్టులు ఒకసారి టైట్ చేసి చూడండి సార్" అని. గేర్ బాక్స్ ముందు మూత, అంటే ఫ్రంట్ కవర్, దాని బోల్టులు బెల్ హౌసింగ్ లోపల ఉంటాయండీ. గేర్ బాక్స్ దించకుండా వాటికి పానా ఎలా అందుతుంది? ఈ బండిలో గేర్ బాక్స్ కింద నుంచి కూడా రాదు, సీట్లు తీసి, కార్పెట్ లేపి, మధ్యలో ఉన్న టనెల్ కవర్ విప్పి, బండి లోపల నుంచే ఎత్తి బయటికి తియ్యాలి. మా ఉక్కపోతలో ఇద్దరు మనుషులు రోజంతా చేసే పని అది. రీబిల్డ్ చేసేవాళ్ళకి ఇది తెలియకుండా ఉండదు, అయినా ఆ మాట అన్నారంటే ఎదురుగా ఏ బండి ఉందో కూడా చూడకుండా జవాబు చెప్పారనే అనుకోవాలి.

ఆఖరికి మేమే దించాం. నాకు కోపం వచ్చింది ఇక్కడే. ప్రొపెల్లర్ షాఫ్ట్ విడదీసి, నట్టు ఊడదీసి ఫ్లేంజ్ లాగి చూస్తే, సీలు పెదవి ఆనే చోట చుట్టూ గాడి పడి ఉంది. గోరు పెట్టి గీస్తే టక్కున ఆగుతోంది. అక్కడక్కడా పాత తుప్పు గుంటలు, వాటి మీద ఎమరీ కాగితంతో రుద్దిన గీతలు. కొత్త ఫ్లేంజ్ ఇలా ఉండదు. మీరు కొత్త సీలు వేసి, మా పాత ఫ్లేంజ్‌నే రుద్ది మళ్ళీ బిగించి, కొత్తదని బిల్లు వేశారు. గాడి పడ్డ చోట ఎంత మంచి సీలు వేసినా దాని పెదవి సరిగ్గా ఆనదు, ఆయిల్ ఆ గాడిలోంచి దారి చేసుకుంటుంది. దానికి ఫ్లేంజ్ మార్చాలి, లేదా పైన పల్చటి స్టీలు స్లీవ్ ఎక్కించాలి, అదీ కాకపోతే సీలుని కాస్త ముందుకో వెనక్కో కూర్చోబెట్టి పెదవి గాడి లేని చోట ఆనేలా చూడాలి. ఈ మూడింట్లో ఒక్కటీ చెయ్యలేదు.

ముందు వైపు ఇంకా అన్యాయం. ఫ్రంట్ కవర్‌కి కాగితం గాస్కెట్ ఉండాల్సిన చోట సిలికాన్ పేస్టు దట్టించారు. బిల్లులో గాస్కెట్ సెట్టు ధర వేరే ఉంది. అంచుల నుంచి బయటికి ఉబికిన పేస్టు సరే, లోపలికి ఉబికింది తెగి ఆయిల్లో పడింది, పాత ఆయిల్ దించినప్పుడు డ్రెయిన్ కన్నం దగ్గర వేలెడు పొడుగు పేలిక దొరికింది. దాన్ని కవర్లో పెట్టి దాచాను. అది ఏ బేరింగులోనో ఇరుక్కుంటే మీరు బాగా చేసిన పని కూడా పాడయ్యేది.

ఓవర్‌డ్రైవ్ (వెనక తగిలించే అదనపు గేరు) లేని ఈ గేర్ బాక్స్‌లో పట్టే ఆయిలే ముప్పావు లీటరు పైచిలుకు, 850 మిల్లీలీటర్లు. కాస్త కారినా లెవెల్ పడిపోతుంది, గేర్లు ఎండుగా తిరుగుతాయి. ముందు నుంచి కారింది తిన్నగా క్లచ్ ప్లేటు మీదికి పోయింది. వంతెన ఎక్కుతుండగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రేసవుతోంది గాని బండి లాగట్లేదు, వెనక లారీ హారన్ కొడుతోంది, పక్కన మా ఆవిడ కూర్చుని ఉంది. ఆ టెన్షన్ మీకు ఫోన్లో ఎంత చెప్పినా అర్థం కాలేదు. ప్లేటు విప్పి చూస్తే లైనింగ్ నూనె పీల్చేసి నల్లగా మెరుస్తోంది, దాన్ని ఇక కడిగి వాడే వీల్లేదు.

ఇంకో మాట. మా మెకానిక్ గారి అభిప్రాయం చెబితే మీ సూపర్‌వైజర్ "పల్లెటూరి మెకానిక్‌కి ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్ల గురించి ఏం తెలుసు" అన్నారు. స్పిట్‌ఫైర్ 1962లో వచ్చింది, అది ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్‌ని ఆధారం చేసుకుని కట్టిన బండి. ఆ హెరాల్డ్‌నే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారు చేసింది, మా గోదావరి జిల్లాల్లో డాక్టర్లూ, రైసు మిల్లుల వాళ్ళూ నడిపిన బండ్లవి. మా మెకానిక్ బాబాయి గారు (చుట్టం కాదు, ఊరంతా అలాగే పిలుస్తాం) కుర్రతనంలో పని నేర్చుకున్నదే ఆ హెరాల్డ్ గేర్ బాక్సుల మీద. ఫ్లేంజ్ చేతిలోకి తీసుకోగానే "ఇది సీలు తప్పు కాదండి బాబూ, సీలు ఆనే చోటే పోయింది" అన్నారు. మీ వర్క్‌షాప్‌లో ఎవరూ చూడనిది ఆయన చూశారు. ఆయన గురించి అన్న మాటకి క్షమాపణ అడుగుతున్నాను, అది నాకు కాదు, ఆయనకి చెప్పండి.

"పాత బండి కదా సార్, కారుతుంది" అనే జవాబు ఇంకోసారి వద్దు. పాత బండి అనే కదా మీ దగ్గరికి పంపి, డబ్బు కట్టి బాగు చేయించుకుంది.

నాకు కావాల్సింది ఇదీ. గేర్ బాక్స్‌ని మీ ఖర్చుతో తీసుకెళ్ళి, అసలైన కొత్త ఫ్లేంజ్, సరైన గాస్కెట్లు వేసి, లోపల సిలికాన్ ముక్కలు మిగలకుండా మొత్తం కడిగి, మీ ఖర్చుతోనే తిరిగి పంపాలి. క్లచ్ ప్లేటు, గేర్ ఆయిల్, ఇక్కడ దించి ఎక్కించే కూలీ మీరు భరించాలి. అలా చేయడం ఇష్టం లేకపోతే ఫ్లేంజ్, గాస్కెట్లు, సీళ్ళ డబ్బు, వాటికి వేసిన లేబర్ చార్జీ, పాడైన క్లచ్ ప్లేటు ఖరీదు వెనక్కి ఇవ్వండి, ఇక్కడే బాగు చేయించుకుంటాను. వెయ్యని ఫ్లేంజ్‌కి బిల్లు ఎలా వేశారో మాత్రం రెండింట్లో ఏదైనా రాతపూర్వకంగా చెప్పాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే ముందు 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, మీ ఊరు రావాల్సిన పని లేదు. పాత ఫ్లేంజ్, సిలికాన్ పేలిక, క్లచ్ ప్లేటు, మీ బిల్లు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ మనిషిని పంపితే ఎప్పుడైనా చూపిస్తాను, ముందు రోజు ఒక ఫోన్ చేస్తే చాలు.

ఇట్లు,
మీ కస్టమర్,
పాలకొల్లు

జత చేసినవి: బిల్లు నకలు, ఫ్లేంజ్, క్లచ్ ప్లేటు, బెల్ హౌసింగ్ ఫోటోలు