53 గజాలతో గెలిచిన రోజు

ఎడిటర్ గారికి నమస్కారం,

2025 జనవరి 1న టెక్సాస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అట్లాంటాలో జరిగిన పీచ్ బౌల్ అనే నాకౌట్ మ్యాచ్‌లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీని 39-31తో ఓడించింది, అదీ స్కోరు సమమైతే ఆడించే ఓవర్‌టైమ్‌లు రెండు ఆడి. ఆ సాయంత్రం తెనాలి నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. ఆస్టిన్ పక్కన సీడర్ పార్క్‌లో మా ఇంట్లో అప్పుడు నాలుగు తెలుగు కుటుంబాలున్నాయి, అందరూ ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు, ఆ గోల విని ఆయన మేం ఓడిపోయామనే అనుకున్నాడు. గెలిచాం బాబాయ్ అన్నాను. గెలిస్తే మరి ఆ కొట్లాట దేనికిరా అన్నాడు. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. మీ పేపర్ ఆయన అక్కడ చదువుతాడు, నేను ఇక్కడ చదువుతాను, అందుకని ఆ జవాబేదో మీకే రాస్తున్నాను. ఇక్కడి కాలేజీల్లో పిల్లలున్న తల్లిదండ్రులకి కూడా పనికొస్తుంది, ఎందుకంటే శనివారం ఫోన్ చేస్తే పిల్లలు ఎత్తకపోవడానికి కారణం చాలాసార్లు ఈ ఆటే.

కొట్లాటంతా రన్ గేమ్ గురించి. ఇది మనకి తెలిసిన, కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలిస్తారు, లేకపోతే బంతి అవతలివాళ్లది. అలా వెళ్లి బంతిని అవతలివాళ్ల గోల్ లైన్ దాటిస్తే అది టచ్‌డౌన్. క్వార్టర్‌బ్యాక్ బంతిని గాల్లోకి విసరడం ఒక దారి. రన్నింగ్ బ్యాక్ చేతికిస్తే అతను దాన్ని పొట్టకి హత్తుకుని జనంలోంచి దూసుకెళ్లడం రెండో దారి, దాన్నే రన్ అంటారు. అతని ముందు ఆఫెన్సివ్ లైన్ అని ఐదుగురు ఉంటారు, ఒక్కొక్కరు దాదాపు 300 పౌండ్లు, అంటే 136 కిలోలు. రథోత్సవంలో తేరు ముందు జనాన్ని నెట్టి దారి చేసేవాళ్లుంటారే, అదీ వీళ్ల పని. పీచ్ బౌల్‌లో మావాళ్లు 30 సార్లు పరిగెత్తి తెచ్చింది 53 గజాలు. సారికి రెండు గజాలు కూడా పడలేదు. అవతల అరిజోనా స్టేట్ కుర్రాడు కామ్ స్కాటెబో ఒక్కడే 143 గజాలు పరిగెత్తాడు.

ఇరవై ఏళ్లుగా నాతో మ్యాచ్‌లు చూస్తున్న గుంటూరు స్నేహితుడు ఒకడున్నాడు. "అన్నా, మన క్వార్టర్‌బ్యాక్ ఎవర్స్ 322 గజాలు విసిరాడు, మూడు టచ్‌డౌన్లు ఇచ్చాడు, సెమీఫైనల్‌కి వెళ్లాం, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. అతను చెప్పిన దాంట్లో అబద్ధమేం లేదు. మొదటి ఓవర్‌టైమ్‌లో మాకు మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం, కావాల్సింది 13 గజాలు, అది తప్పితే సీజన్ అయిపోయినట్టే, అక్కడ క్విన్ ఎవర్స్ 28 గజాల అవతల మాథ్యూ గోల్డెన్ చేతుల్లో టచ్‌డౌన్ పెట్టాడు. అది చూసి ఇంట్లో కూర్చున్నవాడు లేడు. నేను చచ్చేదాకా గుర్తుంచుకునే త్రో అది.

కానీ ఆ త్రో అవసరం ఎందుకొచ్చింది? నాలుగో క్వార్టర్‌లో మేం 24-8తో ముందున్నాం. అలా ముందున్నప్పుడు చెయ్యాల్సిందల్లా గడియారాన్ని నడిపించుకోవడం. రన్నర్ మైదానం లోపల పడితే గడియారం ఆగదు, విసిరిన బంతి ఎవరికీ అందక నేల మీద పడితే ఆగుతుంది. అందుకే రన్ గేమ్ ఉన్న జట్టు ఆ సమయంలో మూడేసి నాలుగేసి గజాలు తొక్కుకుంటూ మ్యాచ్‌ని నిద్రపుచ్చుతుంది. మావాళ్లకి అది చేతకాలేదు, బంతి మళ్లీ మళ్లీ అరిజోనా స్టేట్ చేతికే వెళ్లింది, స్కోరు 24-24 అయింది. ఆఖరి రెండు నిమిషాల్లో బంతిని కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్యకి పంపే కిక్కర్ బెర్ట్ ఆబర్న్ అలాంటి రెండు తన్నులు, అంటే ఫీల్డ్ గోల్స్, మిస్ చేశాడు, ఒకటి 48 గజాలది, ఇంకోటి 38 గజాలది. మా ఇంట్లో సగం కోపం ఆ కుర్రాడి మీదికే వెళ్లింది. నాకది అన్యాయం అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. 16 పాయింట్ల ఆధిక్యం చేతిలో పెట్టుకుని పరుగుతో దాన్ని కాపాడుకోలేకపోతే ఆఖరి నిమిషంలో భారమంతా కిక్కర్ కాలి మీద పడుతుంది, ఆ భారం అక్కడిదాకా తెచ్చింది అతను కాదు.

క్రికెట్ భాషలో చెప్పాలంటే, సింగిల్స్ తియ్యడం రాని జట్టు ఆఖరి ఓవర్లో రెండు సిక్సర్లు కొట్టి గెలిచింది. ఆ రాత్రి సంబరం చేసుకోవాల్సిందే. కానీ వచ్చే మ్యాచ్‌లో సిక్సర్లు పడకపోతే ఎలా అని అడిగేవాడు కూడా ఆ ఇంట్లో ఒకడుండాలి, వాడు జట్టు ప్రేమ లేనివాడేం కాదు.

నాకు గట్టిగా ఎదురు తిరిగింది మా అక్క కొడుకు. అదే యూనివర్సిటీలో చదువుతున్నాడు, లెక్కలన్నీ వేలి చివరన ఉంటాయి. "మావయ్యా, పది రోజుల క్రితమే మన స్టేడియంలో క్లెమ్సన్ యూనివర్సిటీ మీద 292 గజాలు పరిగెత్తాం, అప్పుడు నువ్వే చప్పట్లు కొట్టావ్. నవంబర్లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ మీద మన రన్నింగ్ బ్యాక్ విస్నర్ ఒక్కడే 186 గజాలు. ఒక్క మ్యాచ్ చూసి రన్ గేమ్ లేదంటే ఎలా?" అన్నాడు. పైగా కాలేజీ ఆటలో క్వార్టర్‌బ్యాక్‌ని వెనకే పట్టి పడేస్తే ఆ పోయిన గజాలు కూడా రన్ లెక్కలోంచే తీసేస్తారు, ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లో అలా తియ్యరు అని కూడా అన్నాడు. అది నిజమే, ఒప్పుకున్నాను. ఆ గజాలు తిరిగి కలిపినా స్కాటెబో 143 దరిదాపులకి కూడా మేం రాం, అదీ నిజమే. దెబ్బల సంగతి కూడా వాడే గుర్తు చేశాడు. సీజన్ మొదలవకముందే ఆగస్టులో రన్నింగ్ బ్యాక్ సీజే బాక్స్టర్ మోకాలు పోయింది, ఇంకో కుర్రాడు క్రిస్టియన్ క్లార్క్ మడమ వెనకుండే స్నాయువు తెగింది. లైన్‌లో కుడివైపుండే కామెరన్ విలియమ్స్‌కి క్లెమ్సన్ మ్యాచ్‌లో మోకాలికి దెబ్బ తగిలింది. ఇన్ని దెబ్బల మధ్య ట్రే విస్నర్ సీజన్లో 1,000 గజాలు దాటాడంటే ఆ కుర్రాడికి దణ్ణం పెట్టాలి.

అయినా నా మాట మీద నేనున్నాను. ఒకవారం వరద, ఒకవారం ఎండిన వాగు, ఇలాంటి ఏటిని నమ్ముకుని పంట వెయ్యలేం. జార్జియా యూనివర్సిటీతో అక్టోబర్లో ఒకసారి, డిసెంబర్లో ఒకసారి ఆడాం, రెండుసార్లూ మొత్తం మ్యాచ్‌లో మా పరుగు 40 గజాలు దాటలేదు, రెండుసార్లూ ఓడాం. లైన్‌లో ఎడమవైపు నిలబడింది కెల్విన్ బ్యాంక్స్, లైన్‌లో ఆడేవాళ్లకిచ్చే పెద్ద బహుమతులు అవుట్‌ల్యాండ్ ట్రోఫీ, లొంబార్డి అవార్డు రెండూ 2024 సీజన్‌కి అతనికే వచ్చాయి. అలాంటివాడు ఉన్న లైన్ ఇది. మరి పెద్ద మ్యాచ్‌లో దారి ఎందుకు మూసుకుపోతోంది అని అడిగితే తప్పేంటి?

నేను ఇంత పట్టుపట్టడానికి ఒక కారణముంది. నేను చదువుకోడానికి ఆస్టిన్ వచ్చింది 2005 ఆగస్టులో. ఈ ఆట ఏమీ తెలియదు, రూమ్మేట్లు లాక్కెళ్తే వెళ్లాను. ఆ సీజన్ చివర, 2006 జనవరి 4న, రోజ్ బౌల్‌లో యూఎస్‌సీ అనే కాలిఫోర్నియా యూనివర్సిటీ జట్టు మీద ఇంకా 19 సెకన్లుండగా, ఆఖరి ప్రయత్నంలో 5 గజాలు కావాల్సిన చోట మా క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ విసరడానికి ఎవరూ దొరక్క తనే 8 గజాలు పరిగెత్తి మూలలోకి వెళ్లిపోయాడు. 41-38. ఆ రోజు అతను క్వార్టర్‌బ్యాక్ అయ్యుండి 200 గజాలు పరిగెత్తాడు. ఈ ఊళ్లో ఫుట్‌బాల్ అంటే పరుగు అని నా బుర్రలో అలా ముద్ర పడింది. తర్వాత తెలిసింది, ఇది నాకొక్కడికే కాదని. మా స్టేడియం పేరులో ఉన్న కోచ్ డారెల్ రాయల్ 1968లో విష్‌బోన్ అనే పరుగు పద్ధతి మొదలుపెట్టి మరుసటి ఏడాదే దేశానికి ఛాంపియన్ అయ్యాడు. దేశంలో మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హీస్మన్ ట్రోఫీలు ఈ కాలేజీకి రెండొచ్చాయి, రెండూ రన్నింగ్ బ్యాక్‌లవే, 1977లో ఎర్ల్ క్యాంప్‌బెల్, 1998లో రికీ విలియమ్స్. నిన్నగాక మొన్న ఇక్కడ ఆడిన రన్నింగ్ బ్యాక్ బిజన్ రాబిన్సన్ ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు అట్లాంటా ఫాల్కన్స్‌లో ఉన్నాడు, మేం 53 గజాలు పాకిన ఆ మైదానంలోనే అతను వాళ్ల కోసం పరిగెడుతున్నాడు. నాకు ఆ రోజు మధ్యలో అతనే గుర్తొచ్చాడు, మనసు చివుక్కుమంది.

తర్వాత జరిగింది మీరు వార్తల్లో చూసే ఉంటారు. జనవరి 10న ఆర్లింగ్టన్‌లో కాటన్ బౌల్, ఒహాయో స్టేట్‌తో సెమీఫైనల్. నాలుగో క్వార్టర్ చివర 21-14తో వెనకున్నాం, బంతి వాళ్ల గోల్ లైన్‌కి ఒక్క గజం దూరంలో ఉంది. ఒక్క గజం. నాలుగు ప్రయత్నాలు. మొదటిసారి మధ్యలోంచి ఇంకో రన్నింగ్ బ్యాక్ జెరిక్ గిబ్సన్ వెళ్లాడు, అంగుళం కదల్లేదు. రెండోసారి విస్నర్‌కి బంతిని పక్కకి విసిరిచ్చారు, దాన్నే టాస్ అంటారు, 7 గజాలు వెనక్కి పడ్డాడు. మూడోసారి విసిరితే అందలేదు. నాలుగోసారి ఎవర్స్ చేతిలోంచి బంతిని జాక్ సాయర్ లాగేసి 83 గజాలు పరిగెత్తాడు. 28-14. అయిపోయింది. మా స్నేహితుడు నాకేసి చూశాడు, ఏమీ అనలేదు. నేనూ అనలేదు. నేను చెప్పిందే జరిగిందన్న తృప్తి నాకు రవ్వంత కూడా లేదు, ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆ టాస్ గురించి ఒక మాట మాత్రం చెప్పాలి. ఒక్క గజం కావాల్సినప్పుడు బంతిని ఐదారు గజాల వెనకున్నవాడికి పక్కకి విసిరి, అక్కడినుంచి చుట్టూ తిరిగి రమ్మనడం నాకు నచ్చలేదు. మధ్యలోంచి ఇంకోసారి, ఇంకోసారి నెట్టాల్సింది. కానీ కోచ్ స్టీవ్ సార్కీసియన్ అలా ఎందుకు చేశాడో కూడా నాకర్థమైంది. మొదటిసారి మధ్యలో లైన్ కదల్లేదు, అతనికి ఆ గజం మీద నమ్మకం పోయింది. పీచ్ బౌల్ నాడు మా ఇంట్లో నేను అడిగింది ఆ నమ్మకం గురించే. ఓడిన తర్వాత ఈ మాటే అడిగితే అందరూ తలూపుతున్నారు. గెలిచిన రోజు అడిగితే పండగ పూట అపశకునం మాటలేంటి అన్నారు, మా ఆవిడతో సహా.

ఎడిటర్ గారూ, మీ స్పోర్ట్స్ పేజీలో ఏడాదికి నాలుగైదుసార్లయినా ఈ ఆట గురించి నాలుగు ముక్కలు వేయండి, ఒక్క స్కోరు కాదు, ఆట ఎలా నడిచిందో. మన పిల్లలు ఎంతోమంది ఈ స్టేడియంలలో నిలబడి గొంతు పోయేలా అరుస్తున్నారు, ఇంట్లోవాళ్లకి వాళ్లతో మాట్లాడటానికి ఒక విషయం దొరుకుతుంది.

లైన్‌లో జేక్ మేజర్స్, హేడెన్ కానర్‌ల కాలేజీ ఏళ్లు అయిపోయాయి, వాళ్ల చోట్లలో కొత్తవాళ్లు నిలబడాలి. బాక్స్టర్ మోకాలు ఎలా ఉందో చూడాలి. 2025 ఆగస్టు 30న కొత్త సీజన్ మొదటి మ్యాచ్, కొలంబస్‌లో, మళ్లీ ఒహాయో స్టేట్‌తోనే. బాబాయికి ఈసారి ముందే ఫోన్ చేసి చెప్తాను, వాళ్ల గోల్ లైన్‌కి ఒక గజం దూరంలో మనకి బంతి దొరికితే చూడు, మనవాళ్లు ఎటు వెళ్తారో అని.

సీడర్ పార్క్, టెక్సాస్ నుంచి
మీ పాఠకుడు