సొమ్ము అందింది, రికార్డు కదలలేదు

సంపాదకులకు,

అయ్యా,

వైద్యులు కాగితపు ఫైళ్లను వదిలి ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డులకు మారాలంటే ప్రభుత్వాలు నగదు ప్రోత్సాహకాలు ఇవ్వాలన్న వాదన పత్రికల్లో తరచుగా కనిపిస్తోంది. ఆ వాదనను నేను కాదనను. అమెరికాలో చిన్న క్లినిక్ నడుపుతూ అటువంటి ప్రోత్సాహకాన్ని అందుకున్నవారిలో నేనూ ఒకణ్ని. అయితే ఆ సొమ్మును ఏ షరతుకు ముడిపెట్టాలన్న దగ్గర అక్కడ జరిగిన పొరపాటును పాఠకుల దృష్టికి తేవాలనుకుంటున్నాను.

2009 ఫిబ్రవరి 17న అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకం చేసిన ఆర్థిక ఉద్దీపన చట్టంలో, ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల వాడకాన్ని ప్రోత్సహించే ‘హైటెక్’ చట్టం ఒక భాగం. దాని కింద అర్హత పొందిన వైద్యుడికి, ప్రధానంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా పథకమైన మెడికేర్ నుంచి ఐదేళ్లలో గరిష్ఠంగా 44,000 డాలర్లు, లేదా పేదల కోసం నడిచే మెడికెయిడ్ నుంచి ఆరేళ్లలో 63,750 డాలర్లు లభించేవి. చెల్లింపులు 2011లో మొదలయ్యాయి. 2015 నుంచి, షరతులు నెరవేర్చనివారికి మెడికేర్ ఇచ్చే సొమ్ములో ఒక శాతంతో మొదలుపెట్టి కోత విధించారు. ఆశా భయమూ కలిసి పనిచేశాయి. 2008లో పది ఆసుపత్రుల్లో ఒకదానికైనా కనీస స్థాయి ఎలక్ట్రానిక్ రికార్డు లేని దేశంలో 2015 నాటికి ఐదింట నాలుగుకు పైగా ఆసుపత్రులు ఆ స్థాయికి చేరాయి. కొనిపించడమే లక్ష్యమైతే ఇంతకన్నా విజయవంతమైన పథకం ఉండదు.

సొమ్ము చేతికి రావాలంటే వైద్యుడు రికార్డును ‘అర్థవంతంగా వినియోగిస్తున్నట్టు’ చూపాలి. పదమూడేళ్లు నిండిన రోగుల్లో సగానికి మించి పొగతాగే అలవాటు ఉందో లేదో నమోదు కావాలన్నది మొదటి దశ షరతుల్లో ఒకటి. జ్వరంతో వచ్చిన బడిపిల్లవాడి ముందు ఆ గడి నింపుతూ ఎన్నిసార్లు ఇబ్బంది పడ్డానో చెప్పలేను. అది చిన్న విషయమే అనుకుందాం. రికార్డు ఒక చోటినుంచి మరో చోటికి వెళ్లడం అనే అసలు పనికి మొదట్లో పెట్టిన షరతు మాత్రం విచిత్రమైనది: ముఖ్యమైన వైద్య సమాచారాన్ని మరొకరికి ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపగలమో లేదో ఒక్కసారి పరీక్షించి చూస్తే చాలు, ఆ పరీక్ష విఫలమైనా షరతు నెరవేరినట్టే లెక్క. ఫలితంగా, ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయిన నా రోగి వివరాలు ప్రోత్సాహకం అందుకున్న తర్వాత కూడా ఫ్యాక్సులోనే వచ్చేవి. ఆ కాగితాలను మా సిబ్బంది మళ్లీ స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు.

సాఫ్ట్‌వేర్ అమ్మేవారూ అదే దారి పట్టారు. మందుల ప్రామాణిక కోడ్‌లన్నిటినీ వెతికి తీసుకునే ఏర్పాటు చేయకుండా, సాఫ్ట్‌వేర్ ప్రోత్సాహకానికి తగినదని తేల్చే ధ్రువీకరణ పరీక్షలో అడిగే పదహారు కోడ్‌లను మాత్రం ముందుగానే ప్రోగ్రాములో రాసిపెట్టి పరీక్ష గట్టెక్కిందన్న ఆరోపణలతో సహా పలు అభియోగాలపై ఒక సంస్థ 2017లో 15.5 కోట్ల డాలర్లు చెల్లించి ప్రభుత్వంతో రాజీ చేసుకుంది. పరీక్ష నెగ్గితేనే అమ్మకాలు సాగే చోట ఇటువంటి పని జరగడంలో ఆశ్చర్యపడవలసింది లేదు.

సమాచారాన్ని కావాలని అడ్డుకోవడాన్ని నిషేధిస్తూ అమెరికా 2016 డిసెంబరులో మరో చట్టం చేసింది. దాని నిబంధనలు అమలులోకి వచ్చేసరికి 2021 ఏప్రిల్ అయింది. అంటే చెల్లింపులు మొదలైన పదేళ్లకు. అప్పటికి వేల క్లినిక్‌లు ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌కు కట్టుబడిపోయి, మరొకదానికి మారడమంటే పాత రికార్డులను వదులుకోవడమేనన్న స్థితికి వచ్చాయి.

కాబట్టి ఏ ప్రభుత్వమైనా ఇటువంటి పథకాన్ని రూపొందిస్తే, చెల్లింపులో పెద్ద వాటాను కొనుగోలు రసీదుకు కాక, రోగి సమ్మతితో పంపిన రికార్డు అవతలి వైద్యుడి తెరపై చదవగలిగే రూపంలో తెరుచుకున్నప్పుడు విడుదల చేయాలి. మిగిలిన వాటాలో కొంత, సిబ్బంది కొత్త పద్ధతికి అలవాటుపడేదాకా క్లినిక్ రోజూ తక్కువ మందిని చూడవలసి వచ్చే తొలి నెలల నష్టానికి కేటాయించాలి. ఈ ఖర్చు కొటేషన్లలో కనిపించదు, చిన్న క్లినిక్‌ను కుంగదీసేది మాత్రం ఇదే. వైద్యుడు సాఫ్ట్‌వేర్ మార్చదలిస్తే రోగుల పూర్తి రికార్డులను ప్రామాణిక రూపంలో, అదనపు రుసుము లేకుండా అప్పగిస్తామని రాసి ఇవ్వని సంస్థ ఉత్పత్తికి ప్రోత్సాహక జాబితాలో చోటు ఇవ్వకూడదు.

ఇట్లు,
అమెరికాలో వైద్య వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు